మగ్గం పాతదే, వార్త కొత్తది

(షోలాపూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



వారానికి ఒక్కరోజు దొరికే సెలవు ఇది. బియ్యం తేవాల్సినవాళ్లు, పిల్లల ఫీజుకు అప్పు అడగబోవాల్సినవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి నిద్ర ఆపుకున్నవాళ్లు అన్నీ పక్కన పెట్టి వచ్చారు. కనుక ఎక్కువసేపు మాట్లాడము. మేము ఎక్కువసేపు మాట్లాడము అన్నప్పుడల్లా ఏమవుతుందో పాత సభ్యులకు తెలుసు, వాళ్లు నవ్వుతున్నారు.

యజమానులు పంపిన చిత్తు ఒప్పందం నకలు మీ చేతుల్లో ఉన్నది. ఇంతకుముందే చదివి వినిపించారు. మొదటి పేజీలో మజూరీ రేట్లు ఉన్నాయి, అందరి కళ్లూ వాటి మీదనే ఉన్నాయి. మా కళ్లు మాత్రం రెండో పేజీ అడుగున ఉన్న రెండు వాక్యాల మీద ఉన్నాయి. పరిశ్రమలోకి కృత్రిమ మేధతో నడిచే కొత్త యంత్రాలు వస్తున్నందున ఈ సంవత్సరం మజూరీ పెంచడం సాధ్యం కాదు అన్నది ఒక వాక్యం. బట్టలో లోపాల విషయంలో కెమెరా ఇచ్చిన లెక్కే తుది లెక్క అన్నది ఇంకొకటి. మొదటిది వార్త, రెండోది షరతు. వార్తను ముందర నడిపించి, దాని చాటున షరతును లోపలికి తెచ్చారు. ఈ రోజు మాట్లాడవలసింది ఈ రెండింటి గురించే.

ఈ వార్త మీ అందరి ఫోన్లలోనూ ఉన్నది. మొన్న ఒక పిల్లవాడు ఆఫీసుకు వచ్చి వీడియో చూపించాడు. ఎక్కడో పరాయి దేశంలో పెద్ద నేత మిల్లు, వరుసల కొద్దీ మగ్గాలు, మనిషి లేడు. "ఇగ మన పని అయిపోయింది సెక్రెటరీ సాబ్" అన్నాడు. వాడికి ఇరవై రెండేండ్లు ఉంటాయేమో. ఆ వీడియో మేము మూడుసార్లు చూశాం. మూడోసారి చూస్తుంటే ఒక మూలన, స్తంభం పక్కన, వంగి తెగిన పోగు అతుకుతున్న మనిషి కనిపించాడు. పిల్లవాడికి చూపిస్తే "ఒక్కడే కదా" అన్నాడు. నిజమే, ఒక్కడే. కానీ మనిషి లేడని చెప్పిన వీడియోలో ఆ ఒక్కడైనా ఉన్నాడు.

వార్తల విషయంలో మేము ఇంత అనుమానంగా ఎందుకు ఉంటామో కొత్తవాళ్లకు చెప్పాలి. ఇది మా తప్పు కథ.

మేము 1988లో మిల్లులో బదిలీ కార్మికుడిగా చేరాం. పొద్దున గేటు దగ్గర నిలబడాలి, పేరు పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. కొన్నేండ్లకు పర్మినెంటు అయ్యాం. ఇంకొన్నేండ్లకు మిల్లు గేటుకు తాళం పడింది. అప్పుడు మేము యూనియన్‌లో చిన్న కార్యకర్తలం. పదో తరగతి దాకా చదివామని గేటు మీటింగులో పేపరు చదివి వినిపించే పని మాకు ఇచ్చారు. ఒకరోజు పేపర్లో మిల్లు మళ్లీ తెరుస్తారని వచ్చింది. ఖాయిలా పడ్డ పరిశ్రమల గతి తేల్చడానికి అప్పుడు ఢిల్లీలో బి.ఐ.ఎఫ్.ఆర్. అనే బోర్డు ఉండేది. దాని ముందు పునరుద్ధరణ పథకం ఉన్నదని రాశారు. మేము గొంతెత్తి చదివాం. చప్పట్లు పడ్డాయి.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో మా ఖాతా జాబర్ ఒకాయన ఉన్నాడు. పోగు అతకడం మాకు నేర్పింది ఆయనే. ఆయనకు అప్పటికే ఒక కార్ఖానాలో పని ఇస్తామన్నారు. మిల్లు తెరిచేనాటికి మన పేరు లిస్టులో లేకుంటే ఎట్లా అని ఆయన పోలేదు. పదకొండు నెలలు ఎదురుచూశాడు. వారానికోసారి మా ఇంటి ముందుకు వచ్చి "ఏం పిలగా, పేపర్ల ఏమన్న వచ్చిందా?" అని అడిగేవాడు. ఏదో ఒకటి వస్తూనే ఉండేది. మంత్రిగారు హామీ ఇచ్చారు. బ్యాంకులు ఆలోచిస్తున్నాయి. కొత్త పార్టీ వచ్చి మిల్లు చూసి పోయింది. మేము చదివి వినిపించేవాళ్లం. పదకొండో నెల వచ్చేసరికి ఆయన భార్య మెడలో పుస్తెలతాడు పోయి పసుపుతాడు మిగిలింది. అప్పుడు ఆయన కార్ఖానాకు పోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. జాబర్‌గా చేసిన మనిషికి రాత్రి షిఫ్టులో కండెలు అందించే పని దొరికింది. మిల్లు తెరవలేదు.

పేపరువాళ్లు అబద్ధం రాయలేదు. మంత్రిగారు నిజంగానే హామీ ఇచ్చారు, కొత్త పార్టీ నిజంగానే వచ్చి చూసింది. జరిగినదేదో, జరుగుతుందని ఎవరో అన్నదేదో విడదీయకుండా మేము చదివాం. ఆయన ఇప్పుడు లేడు. ఆయన బతికి ఉండగా ఈ మాట ఆయన ముందర ఒప్పుకోలేకపోయాం, అందుకని మీ ముందర ఒప్పుకుంటున్నాం.

అప్పటి నుంచి ఏ వార్త చదివినా వాక్యం చివర చూడటం మాకు అలవాటైంది. వచ్చింది అని ఉన్నదా, వస్తున్నది అని ఉన్నదా, రాబోతున్నది అని ఉన్నదా? బడిలో తెలుగు పంతులుగారు భూత భవిష్యత్ వర్తమాన కాలాలు చెప్పినప్పుడు ఇవి జీతానికి పనికొస్తాయని మాకు తెలియదు. మీ ఒప్పందంలో చూడండి, "వస్తున్నందున" అని ఉన్నది. ఎన్ని యంత్రాలు, ఏ షెడ్డుకు, ఏ నెలలో? ఒక్కటీ లేదు.

రాబోతున్నదని చెప్పినవి కొన్ని ఏమయ్యాయో చెబుతాం. బూట్లు చేసే అడిడాస్ కంపెనీ జర్మనీలో అన్స్‌బాక్ అనే ఊళ్లోనూ, అమెరికాలో అట్లాంటా దగ్గరా రోబోలతో నడిచే ఫ్యాక్టరీలు పెట్టింది. ఇక ఆసియా కూలీలతో పని లేదు, బూట్లు మళ్లీ యూరప్‌లోనే తయారవుతాయి అని ప్రపంచమంతా రాశారు. 2019 నవంబరులో ఆ రెండు ఫ్యాక్టరీలూ మూసేస్తున్నామని ఆ కంపెనీయే ప్రకటించింది. ఆ పద్ధతుల్లో కొన్నింటిని ఆసియాలోని తన సరఫరాదార్లకే ఇచ్చింది. తెరిచినప్పుడు వచ్చిన వార్త మన దాకా వచ్చింది. మూసినప్పుడు వచ్చిన వార్త మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఒక్కరూ లేరు.

ఇంకొకటి. అమెజాన్ కంపెనీ అమెరికాలో గల్లాపెట్టె దగ్గర మనిషి లేని దుకాణాలు పెట్టింది. సామాను తీసుకొని నడిచి పోవడమే, పైనున్న కెమెరాలు చూసి బిల్లు వేస్తాయి అన్నారు. 2024 ఏప్రిల్‌లో తన పెద్ద కిరాణా దుకాణాల నుంచి ఈ పద్ధతిని తీసేస్తున్నట్టు తెలిసింది. ఆ సమయంలోనే ఇంకో సంగతి బయటికి వచ్చింది. ఆ కెమెరాల వెనక భారతదేశంలో కూర్చుని వెయ్యి మందికి పైగా మనుషులు ఆ కొనుగోళ్లను చూసేవాళ్లని పత్రికలు రాశాయి. కంపెనీ ఆ మాటను కాదన్నది. మనుషులు ఉన్న మాట నిజమే కానీ యంత్రానికి నేర్పడానికి, అది తేల్చుకోలేని కొద్ది వాటిని చూడటానికి మాత్రమే అన్నది. సరే, వాళ్ల మాటే తీసుకుందాం. అప్పుడైనా మనిషి లేని దుకాణంలో మనిషి ఉన్నాడు. అమెరికాలో గల్లా దగ్గర నిలబడి అక్కడి జీతం తీసుకోవలసినవాడు ఇక్కడ కూర్చుని ఇక్కడి జీతం తీసుకున్నాడు, అంతే.

మరి యంత్రాలు రావా అంటే, వస్తాయి. మేము కళ్లు మూసుకున్నవాళ్లం కాదు. ఎం.ఐ.డి.సి.లో కొన్ని షెడ్లలో రేపియర్ మగ్గాలు ఉన్నాయి. నాడె లేదు, పేక పోగును పట్టుకొని పోయి అవతల అందిస్తుంది, ఒక మనిషి ఎక్కువ మగ్గాలు చూస్తాడు. అక్కడ మనుషులు తగ్గారు. కాదనడం లేదు. ఇది కొత్తగా పుట్టిన గొడవ కూడా కాదు. 1928లో బొంబాయి మిల్లు కార్మికులు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సమ్మె చేశారు. ఒక మనిషి చేత ఎక్కువ మగ్గాలు నడిపించి మనుషులను తగ్గించే పద్ధతికి వ్యతిరేకంగా చేశారు. ఆ మిల్లుల్లో తెలంగాణ నుంచి పోయిన మన పద్మశాలీలు ఎంతోమంది పనిచేశారు. నూరేండ్ల కింద కూడా గొడవ మగ్గంతో కాదు. మగ్గం మిగిల్చిన కూలీ ఎవరికి పోవాలి అన్నదాని మీద.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మిల్లులు మూతపడ్డప్పుడు మనకు ఏం చెప్పారు? పాత యంత్రాలు, ఎక్కువ మంది కార్మికులు, కొత్త కాలానికి నిలవలేకపోయాయి అన్నారు. మీ పిల్లలను అడిగినా ఇదే చెబుతారు. అయితే పాత యంత్రం పోయి కొత్త యంత్రం వచ్చిందా?

మిల్లు సామాను వేలం వేసినప్పుడు మేము గేటు బయట నిలబడి చూశాం. మగ్గాలను విప్పి లారీల్లో ఎక్కించారు. కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని షెడ్లకు పోయాయి. షోలాపూర్‌లో, భివండిలో, ఇచల్‌కరంజిలో మిల్లులు వదిలించుకున్న మగ్గాలు కొని నడిపిన షెడ్లు ఎన్నో. మిల్లు పోయిన తర్వాత మేము చేరిన కార్ఖానాలో మగ్గం చట్రం మీద అది తయారైన సంవత్సరం పోతపోసి ఉండేది. మిల్లులో మేము నడిపిన మగ్గం కన్నా అది పాతది! మొదటి రోజు దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడ్డాం. కొత్త యంత్రం వచ్చి మా పని పోయిందని ఇంటిదానితో చెప్పి వచ్చాం, ఇక్కడ చూస్తే తాత మగ్గం ముందర నిలబడి ఉన్నాం.

అదే మగ్గం మిల్లులో నష్టం, షెడ్డులో లాభం ఎట్లా అయింది? మిల్లులో ఎనిమిది గంటల షిఫ్టు, హాజరీ రిజిస్టరు, ప్రావిడెంట్ ఫండ్, ఈ.ఎస్.ఐ., గ్రాట్యుటీ, బోనస్ ఉండేవి. షెడ్డులో పన్నెండు గంటలు, పీసు లెక్క, మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. షెడ్డులో ఇరవై మంది ఉంటే గోడకు నాలుగు బోర్డులు, నాలుగు పేర్లు, పేరుకు ఐదుగురు. 1985 జూన్‌లో వచ్చిన జౌళి విధానం చేనేత, మరమగ్గం, మిల్లు అనే విడివిడి చూపు వద్దు, అన్నీ పోటీ పడాలి అన్నది. పోటీ అంటే ఇదీ. ఇప్పుడు ఈ దేశంలో బట్టలో ఎక్కువ భాగం మరమగ్గాల మీదనే తయారవుతుంది, మిల్లుల నేత మిగిలింది కొద్దిగానే. మనల్ని ఓడించినది యంత్రం కాదు, రిజిస్టరు లేని షెడ్డు.

మన ఊరి పాత చరిత్ర ఒకటి చెప్పాలి, వదిలేయబుద్ధి కావడం లేదు. 1949 ఆగస్టులో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మూతపడింది. వేలమంది వీధిన పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వహణ తన చేతికి తీసుకున్నది. ఎందుకు తీసుకుంటున్నామో అందులోనే రాసింది, నిర్వహణ లోపం వల్ల, నిర్లక్ష్యం వల్ల అని. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకు పోయాడు, ఆ డిసెంబరులోనే తీర్పు వచ్చింది, ప్రభుత్వం పక్షాన. లా చదివే పిల్లలు ఇప్పటికీ ఆ కేసు చదువుతారు. మిల్లు ఎందుకు మూతపడిందో చెప్పేటప్పుడు సర్కారే ఒకనాడు యజమాని పేరు చెప్పింది. తర్వాతి కాలంలో ఆ చోటుకు యంత్రం పేరు వచ్చింది.

బొంబాయిలో ఇంకో తీరు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె విరమించామని ఎవరూ ప్రకటించలేదు. మిల్లుల్లో నష్టం అన్నారు, మిల్లుల కింద నేల మాత్రం బంగారం. 1991లో మిల్లు జాగాను మూడు పాళ్లు చేసి ఒక పాలు ఊరికి, ఒక పాలు ఇండ్లకు, ఒక పాలు యజమానికి అని నిబంధన పెట్టారు. 2001లో దాన్ని మార్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమే పంచితే చాలు అన్నారు. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పు చెల్లుతుందన్నది. ఇప్పుడు లోయర్ పరేల్‌కు పోతే మిల్లు పొగగొట్టం పక్కన మాల్ ఉంటుంది. ఏ రోబో వచ్చి ఆ మగ్గాలను ఆపిందో మీరే చెప్పండి.

ఈ మధ్య మగ్గాలు ఆగిన సందర్భాలు కూడా చూడండి. సిరిసిల్లలో మన చుట్టాలు లేని ఇల్లు ఈ పేటలో తక్కువ. అక్కడ 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాయి, సాంచాలు నడిచాయి. 2024లో ఆ ఆర్డర్లు లేకపోయేసరికి సాంచాలు ఆగాయి. సాంచాలు అవే, మనుషులు అవే. మన దగ్గర చూస్తే, 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. తర్వాత దాని మీద బేరాలు, మార్పులు నడిచాయి. కానీ ఆ వారం ఎగుమతి టవళ్లు నేసే షెడ్ల దగ్గర టీ కొట్లో ఏం మాట్లాడుకున్నారో మీకే బాగా తెలుసు. అప్పుడు కూడా ఏ యంత్రమూ రాలేదు.

ఇక్కడ అక్కచెల్లెళ్లు కూర్చున్నారు. వాళ్లను చూస్తే మాకు ఎప్పుడూ ఒక విచిత్రం గుర్తుకొస్తుంది. మన ఇండ్లలో ఆడవాళ్లు గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడతారు. ఒక కత్తెర, ఆకు, తంబాకు, దారం, ఇంతే పరికరాలు. కరెంటు లేదు, షెడ్డు లేదు, గేటు లేదు. బీడీ కంపెనీలు ఒకప్పుడు వీళ్లు మా కార్మికులే కారు, ఇంట్లో కూర్చున్నవాళ్లు అని వాదించాయి. 1966లో బీడీ కార్మికులకు చట్టం వచ్చింది. 1985లో సుప్రీంకోర్టు ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లకు కూడా ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఈ రోజు మన పేటలో తల్లి బీడీలు చుట్టి పెన్షన్ తీసుకుంటుంది, మోటారు మగ్గం నడిపిన కొడుక్కు పి.ఎఫ్. నంబరు లేదు. పెన్షన్ ఎంత అంటారా? 2014 సెప్టెంబరులో కనీసం 1000 రూపాయలు చేశారు, పదేండ్లు గడిచినా 2024లో కూడా అదే వెయ్యి. అయినా పేరు ఉన్నది, పుస్తకం ఉన్నది. కత్తెర పట్టుకున్న మనిషి లెక్కలో ఉన్నది, మగ్గం పట్టుకున్న మనిషి లేడు. దీనికీ యంత్రానికీ సంబంధం ఏమున్నది?

కొత్త చట్టాల గురించి చాలామంది అడుగుతున్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమలులోకి తెచ్చారు, పాత 29 చట్టాల స్థానంలో. కొందరు స్వర్గం అన్నారు, కొందరు సర్వనాశనం అన్నారు. మన షెడ్డు దగ్గర నిలబడి చదువుదాం. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఇరవై మంది ఉండాలి. గోడకు నాలుగు బోర్డులు పెట్టే శ్రమ కూడా కొంత తప్పింది వాళ్లకు. మూసేయడానికి, మనుషులను తీసేయడానికి సర్కారు అనుమతి అడగవలసిన హద్దు వంద మంది నుంచి మూడు వందలకు పోయింది. సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సగం మంది కలిసి ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. ఇవి మనకు నష్టం, నష్టమనే చెబుతాం.

2025 సెప్టెంబరులో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పన్నెండు దాకా పెంచుకోవచ్చని ఆమోదించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, కార్మికుడు రాసి సమ్మతించాలి అన్నది. టీవీలో పెద్ద చర్చ జరిగింది. మా ఇంట్లో చూస్తూ పక్కింటాయన "పన్నెండు గంటలంట!" అని నవ్వాడు. ఆయన పాతికేండ్ల నుంచి పన్నెండు గంటలే చేస్తున్నాడు, ఓవర్‌టైమ్ అనే మాట ఆయన టీవీలోనే విన్నాడు.

అయితే కోడ్లలో మనకు పనికొచ్చేది కూడా ఉన్నది, అదీ చెప్పాలి. ఒప్పందంలో రెండో వాక్యం దగ్గరే అది మనకు కావాలి.

కెమెరా సంగతి. బట్ట చుట్టుకుంటూ పోతుంటే పైన లైట్లు, కెమెరాలు ఉంటాయి. మంచి బట్ట ఫోటోలు, లోపం ఉన్న బట్ట ఫోటోలు వేలకు వేలు దానికి ముందే చూపించి నేర్పి ఉంటారు. పోగు తెగినచోట, జంట పేక పడ్డచోట, నూనె మరక ఉన్నచోట గుర్తు పెడుతుంది. మంచి కంటికి అందనిది కూడా పట్టగలదు, ఇది ఒప్పుకోవాలి. రాత్రి మూడు గంటలకు దానికి నిద్ర రాదు.

కానీ నేతగాళ్లు మీరు, మీకు చెప్పనక్కరలేదు. కెమెరా మరకను చూస్తుంది, ఎందుకు పడిందో చూడదు. నూలు నాసిది వస్తే పడుగు తెగుతుంది. సైజింగులో గంజి సరిగా పట్టకపోతే తెగుతుంది. మగ్గం రిపేరు నెలలకొద్దీ వాయిదా వేస్తే పేక పట్టీలు పడతాయి. వానాకాలంలో ఒక తీరు, ఎండాకాలంలో ఒక తీరు. మిల్లు రోజుల్లో ఫోల్డింగ్ ఖాతాలో బట్ట చూసే మనిషి ఉండేవాడు. జరిమానా వేస్తానంటే నేసినవాడు పోయి బట్టను వెలుతురుకు పట్టి, "ఇది నా తప్పు కాదు, కోను చూడు" అని కొట్లాడేవాడు. సగం సార్లు గెలిచేవాడు. గెలవకపోయినా కొట్లాడటానికి ఎదురుగా ఒక ముఖం ఉండేది. "కెమెరా లెక్కే తుది లెక్క" అని సంతకం పెట్టినంక ఎవరితో కొట్లాడతారు? నాసినూలు కొన్న ఖర్చు కూడా మన మజూరీలో నుంచే కోస్తారు, లెక్క మాత్రం కంప్యూటరుది.

చట్టం ఏం చెబుతుందో వినండి. జరిమానాలు ఆ నెల వేతనంలో నూటికి మూడు రూపాయలు దాటరాదు. జరిమానా వేసే ముందు, నష్టం కింద కోసే ముందు, కార్మికుడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇది 1936 వేతన చెల్లింపు చట్టంలో ఉండేది. కొత్త వేతనాల కోడ్‌లో కూడా అట్లాగే ఉంచారు, పైగా ఆ కోడ్ మనుషుల సంఖ్యతో నిమిత్తం లేకుండా అన్ని చోట్లా వర్తిస్తుంది. ఐదుగురున్న షెడ్డుకు కూడా. నాలుగు బోర్డులు పెట్టినా తప్పించుకోలేరు. మనలో ఒకరు సంతకం పెట్టినంత మాత్రాన చట్టం పోదు, కానీ సంతకం చూపించి ఏడాది పాటు కోసేస్తారు, మనం ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకని ముందే పెట్టవద్దు.

కమిటీ ఆలోచన ఇది. కెమెరా వద్దు అని మేము అనడం లేదు. అది లోపం చూపిస్తే ఆ షిఫ్టు దిగకముందే బట్టను నేసినవాడికి చూపించాలి, పక్కన మన మనిషి ఒకడు ఉండాలి, నూలు లాటు నంబరు, మగ్గం చివరిసారి రిపేరు చేసిన తేదీ ఆ కాగితం మీదనే రాయాలి. మొదటి వాక్యానికి జవాబు ఇంకా చిన్నది. కొత్త యంత్రం ఎప్పుడు, ఎన్ని, ఎవరు నడుపుతారో రాసి ఇవ్వండి, ఆ రోజు మాట్లాడతాం. రాని యంత్రానికి ఈ ఏడాది పెంపు ఇవ్వలేము. ఇది మీరు చేతులెత్తి ఒప్పుకుంటేనే రేపు తీసుకుపోతాం. మీలో కొందరు "ఉన్న పని పోతే ఎట్లా" అని గుసగుసలాడుతున్నారు, వినిపిస్తున్నది. ఆ భయం తప్పని మేము అనము. ఒకసారి గట్టిగా చదివి ఒక మనిషి పదకొండు నెలలు పోగొట్టాం, కాబట్టి ఈసారి గెలుస్తామని కూడా గట్టిగా చెప్పము. మీరే తేల్చండి.

ఇంకొక్కటి చెప్పి కూర్చుంటాం. టీ వచ్చింది, కనిపిస్తున్నది. యూనియన్ తరఫున చిన్న నోటు పుస్తకాలు తెచ్చాం. రోజూ తేదీ, ఎక్కిన వేళ, దిగిన వేళ, నేసిన మీటర్లు, మగ్గం ఎంతసేపు ఎందుకు ఆగింది, ఎంత కోశారు, ఇవి రాయండి. రాయడం రానివాళ్లు పిల్లల చేత రాయించండి. రిజిస్టరు లేని షెడ్డులో కేసు వస్తే చూపించడానికి మన దగ్గర ఇదొక్కటే ఉంటుంది. తెలుగులో రాసినా ఫరవాలేదు.

పుస్తకం మొదటి పేజీలో పేరు మాత్రం మీ ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయండి. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడివాళ్లు సొంత పేరు, తండ్రి పేరు పెట్టి ఇంటిపేరు చివర పెడతారు. నర్సయ్య ఒకచోట నరసయ్యా అవుతాడు, ఇంకోచోట నర్సింహ అవుతాడు. మన సభ్యుడి భార్య ఒకామె భర్త పోయిన తర్వాత పి.ఎఫ్. కోసం తిరుగుతున్నది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు ఉన్నారు, చనిపోయినవాడు ఎవరో తేల్చండి అంటున్నారు. కార్డులు తెచ్చినవాళ్లు అటు బల్ల దగ్గరికి రండి, ఇంటిపేరు ముందున్నదో వెనకున్నదో చూసి రాస్తాం. తేనివాళ్లు వచ్చే సెలవు రోజు తీసుకురండి.